నీ గొప్పతనమే నీ మీద సాక్ష్యం

కమ్యూనికేషన్ శాస్త్రమా, నిన్ను పొగడాలని కూర్చున్నాను. కృష్ణా తీరాన శ్రీకాకుళంలో కొలువున్న ఆంధ్రవిష్ణువును కాసుల పురుషోత్తమకవి తిడుతూ పొగిడాడు. నాకు తిట్లతో పని లేదు. నిన్ను ఉన్నదున్నట్టు పొగిడితే చాలు, నా ఫిర్యాదు దానంతట అదే బయటపడుతుంది. నీ పెద్దలు చేసిన పని ఎంత గొప్పదో చెప్పేకొద్దీ, వాళ్ల పేరు చెప్పుకుని మా విశ్వవిద్యాలయాల్లో, ఎమ్మే తరగతుల్లో, పీహెచ్‌డీ గదుల్లో నువ్వు చేస్తున్న పని ఎంత తక్కువో తెలిసిపోతుంది. ఈ పొగడ్తల్లో ఒక్కటీ ఉత్తుత్తిది కాదు. నిన్ను ప్రేమించే చదివాను, ప్రేమించే అడుగుతున్నాను.

ముందు నీ వినయాన్ని పొగుడుతాను. 1940లో రూజ్‌వెల్ట్, విల్కీ అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడుతున్నప్పుడు పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయో రాష్ట్రంలోని ఎరీ కౌంటీకి వెళ్లింది. రేడియో, పత్రికలు, ఎన్నికల ప్రచారం ఓటరు మనసును ఎలా మారుస్తాయో చూడాలని వాళ్ల ఆలోచన. సుమారు 3,000 మందిని కలిశారు. వాళ్లలోంచి 600 మందిని ఎంచుకుని మే నెల నుంచి నవంబరు దాకా నెలనెలా వాళ్ల గుమ్మం తొక్కారు. ఒకే మనిషిని పదేపదే అడుగుతుంటే ఆ అడగడమే అతన్ని మార్చేస్తుందేమోనన్న అనుమానం వచ్చింది. అందుకని అలాంటివే మరో మూడు గుంపుల్ని పక్కన పెట్టుకుని, ఒక్కో గుంపును ఒక్కసారి మాత్రమే మళ్లీ కలిసి, రెండు రకాల జవాబుల్నీ పోల్చుకున్నారు. తమ ప్రశ్నలనే తాము అనుమానించిన ఆ జాగ్రత్తకు చేతులెత్తి మొక్కుతాను.

తీరా చూస్తే వాళ్లు వెతికింది దొరకలేదు. దాదాపు సగంమంది మే నెలకే ఎవరికి ఓటేయాలో తేల్చుకుని ఉన్నారు. ప్రచారం విని ఒక అభ్యర్థిని వదిలి ఇంకో అభ్యర్థి వైపు వెళ్లినవాళ్లు కొద్దిమందే. ఎవరి మాట మీద మనసు మార్చుకున్నారని ఆరా తీస్తే, రేడియో కంటే పత్రిక కంటే ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు, పనిచేసేచోట తోటివాళ్లు ఎక్కువగా కనిపించారు. వెతికింది దొరకలేదని ఆ బృందం మొహం తిప్పుకోలేదు. దొరికినదాన్నే 1944లో పుస్తకం చేసింది. మాధ్యమాల నుంచి కొందరికి, ఆ కొందరి నుంచి మిగతావాళ్లకు అభిప్రాయాలు పాకుతాయన్న ఊహ అక్కడ పుట్టింది. దాన్ని సరిచూసుకోవడానికి 1945లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డెకటూర్ పట్టణానికి వెళ్లి 800 మంది స్త్రీలతో మాట్లాడారు. వెచ్చాలు, బట్టలు, సినిమాలు, ఊరి వ్యవహారాలు ఇలా ఒక్కో విషయంలో ఎవరు ఎవరి మాట వింటారో ఆరా తీశారు. నలుగురికీ దారి చూపేవాళ్లు మేడల్లో లేరు, పక్కింట్లోనే ఉన్నారని తేలింది. ఆ పుస్తకం అచ్చయ్యేసరికి 1955 వచ్చింది. ఒక్క అనుమానం వెంట అన్నేళ్లు నడిచిన ఓపిక నీది.

ఇంత కథా మా ఎమ్మే మొదటి సెమిస్టరుకు చేరేసరికి మూడు ముక్కలుగా మిగిలింది: టూ-స్టెప్ ఫ్లో, లాజర్స్‌ఫెల్డ్, 1944. పరీక్షలో షార్ట్ నోట్. నెట్ పరీక్షకు కోచింగ్ తీసుకునేవాళ్లకు జతపరచవలసిన పేర్లలో ఒకటి. ఎరీ కౌంటీలో వాళ్లు ఏమనుకుని వెళ్లారో, ఏమి చూసి ఆగిపోయారో, ఎందుకు మూడు గుంపుల్ని పక్కన పెట్టుకున్నారో చెప్పకుండానే పాఠం అయిపోతుంది. విద్యార్థి చేతికి ఫలితం ఇచ్చి, ఆ ఫలితాన్ని పుట్టించిన సంశయాన్ని దాచిపెట్టావు. రెండేళ్ల చదువులో అతను ఒక్క పొరపాటు ఊహనైనా తానుగా పట్టుకోడు.

నీ ఆదరణను పొగుడుతాను. ఇంతమంది పరాయివాళ్లను చేరదీసిన శాస్త్రం ఇంకొకటి నాకు తెలియదు. లాజర్స్‌ఫెల్డ్ వియన్నాలో గణితం చదివినవాడు. హెరాల్డ్ లాస్‌వెల్‌ది రాజనీతి శాస్త్రం. కార్ల్ హావ్‌లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త, రెండో ప్రపంచయుద్ధంలో సైనికులకు చూపించిన సినిమాలు వాళ్ల అభిప్రాయాల్ని ఎంతవరకు కదిపాయో ప్రయోగాలు చేసి చూసినవాడు. విల్బర్ ష్రామ్ సాహిత్యం చదివి, కథలు రాసి, అయోవాలో రచయితలకు పాఠాలు చెప్పి, ఆ తర్వాత అదే విశ్వవిద్యాలయంలో 1943లో నీకు పీహెచ్‌డీ తలుపు తెరిచాడు. క్లాడ్ షానన్ బెల్ ల్యాబ్స్‌లో టెలిఫోన్ తీగల మీద సంకేతాలు చెదరకుండా ఎలా పంపాలా అని లెక్కలు వేసినవాడు.

ఈ షానన్ నిజాయితీని విడిగా పొగడాలి. 1948లో అచ్చయిన తన వ్యాసం మొదట్లోనే, సందేశానికి అర్థం ఉంటే ఉండవచ్చుగానీ తాను తలపెట్టిన ఇంజనీరింగ్ సమస్యకు ఆ అర్థంతో సంబంధం లేదని తేల్చి చెప్పాడు. తన లెక్కల్ని ప్రతి శాస్త్రమూ ఎగబడి వాడేసుకోవడం చూసి 1956లో ఒక చిన్న సంపాదకీయం రాశాడు. ఈ సిద్ధాంతానికి ఉన్న బలానికి మించి పేరొచ్చిందని, కాస్త తగ్గి పని చూసుకుందామని చెప్పాడు. తన కీర్తిని తానే తగ్గించి చెప్పిన శాస్త్రవేత్త అతను. అర్థంతో నాకు పని లేదన్నవాడి బొమ్మనే, మనుషులు ఒకరినొకరు ఎలా అర్థం చేసుకుంటారో నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు నువ్వు మొదటి బొమ్మగా గీయిస్తున్నావు. పంపేవాడు, సంకేతం, మార్గం, చెదురు, అందుకునేవాడు. పెట్టెలు గీసి బాణాలు వేస్తే మార్కులు పడతాయి. అతను ఒద్దన్న మాట మాత్రం పాఠంలో ఉండదు.

చేరదీసినవాళ్లను నువ్వు ఒకరితో ఒకరిని మాట్లాడనివ్వలేదు. పెద్ద సత్రం కట్టి, వచ్చినవాళ్లందరికీ గది ఇచ్చి, అన్నాలకు మాత్రం ఎవరి గదిలో వాళ్లను కూర్చోబెట్టావు. 1996లో జేమ్స్ ఆండర్సన్ ఏడు పాఠ్యపుస్తకాలు ముందేసుకుని వాటిలో ఉన్న సిద్ధాంతాలను లెక్కపెట్టాడు. 249 తేలాయి. వాటిలో 195 ఏడు పుస్తకాల్లో ఏదో ఒక్కదానిలోనే ఉన్నాయి. మూడుకు మించిన పుస్తకాల్లో కనిపించినవి 18 మాత్రమే. రాబర్ట్ క్రెయిగ్ 1999లో ఈ లెక్కను ఎత్తిచూపి, ఏడు సంప్రదాయాలుగా వీటిని అమర్చి, ఇవి ఒకదానితో ఒకటి వాదించుకుంటేనే శాస్త్రం అవుతుందని రాశాడు. ఎంత మంచి మాట! మా దగ్గర ఆ ఏడు సంప్రదాయాలూ ఏడు యూనిట్లు అయ్యాయి. వాదన రాలేదు.

నీ చరిత్రకారుల తెగువను కూడా పొగడకుండా ఉండలేను. మాధ్యమం తూటాలా దూసుకుపోయి జనం మెదళ్లలో దిగబడుతుందన్న సిద్ధాంతాన్ని నీ పాఠాల్లో తొలిమెట్టుగా చెబుతారు. దాన్ని ప్రతిపాదించిన పండితుడెవరని నీ చరిత్రకారులే వెనక్కి వెళ్లి వెతికారు. ఎవరూ కనబడలేదు. తర్వాత వచ్చినవాళ్లు తమ పని ఎంత కొత్తదో చూపించుకోవడానికి పాతవాళ్ల తలకు చుట్టిన సిద్ధాంతం అది. దానికి సాక్ష్యంగా చెప్పే కథ కూడా నిలవదు. 1938 అక్టోబరు 30న రేడియోలో అంగారక గ్రహవాసుల దాడి నాటకం విని అమెరికా అంతా వీధుల్లోకి పరిగెత్తిందని చెబుతారు. ఆ ప్రసారం మీద హాడ్లీ కాంట్రిల్ 1940లో పుస్తకం రాశాడు. విన్నవాళ్లు 60 లక్షలమంది, భయపడ్డవాళ్లు 10 లక్షలమంది ఉండవచ్చని అతని అంచనా. ఆ అంచనా ప్రకారమే చూసినా ఆరుగురిలో అయిదుగురు భయపడలేదు. నీ తప్పును నీవాళ్లే పట్టుకుని రాసిపెట్టారు. మా క్లాసు నోట్సులో తూటా ఇంకా పేలుతూనే ఉంది. పాతికేళ్ల కిందటి నోట్సు జిరాక్సులు చేతులు మారుతూ వస్తుంటే, నీవాళ్లు దిద్దుకున్న తప్పు మా దగ్గర దిద్దుబాటుకు నోచుకోలేదు.

ఇక నీ లెక్కల అందం. పరిశోధన పద్ధతుల పాఠంలో తారో యమానే సూత్రం వచ్చినప్పుడు నాకు నిజంగా ఒళ్లు పులకరిస్తుంది. అయిదు శాతం తేడాను ఒప్పుకుంటే, 10,000 మంది ఉన్న ఊరికి సుమారు 385 మందిని అడిగితే చాలు. లక్షమంది ఉంటే 399. కోటిమంది ఉన్నా 400 దాటదు. నాలుగు వందలమంది నోట కోటిమంది మాట వినవచ్చునన్న ధైర్యాన్ని మనిషికి ఇచ్చిన గణితం అది. దానికి ఒకే ఒక్క షరతు ఉంది. ఆ కోటిమందిలో ప్రతి మనిషికీ ఆ 400లో పడే అవకాశం సమానంగా ఉండాలి. కూలికి పోయి సాయంత్రం ఇల్లు చేరే మనిషికీ, ఫోను లేని ముసలమ్మకూ, కొండ మీద గూడెంలో ఉన్నవాళ్లకూ ఆ అవకాశం ఉండాలి. ఆ సూత్రంలో ఉన్న నీతి అదే.

మా థీసిసుల్లో 400 ఉంది, షరతు లేదు. మూడో అధ్యాయంలో యమానే సూత్రం ముచ్చటగా అచ్చువేసి ఉంటుంది. నాలుగు పేరాలు కిందికి వస్తే, ఆ 400 మందినీ అందుబాటును బట్టి ఎంచుకున్నామని ఉంటుంది. అందుబాటులో ఉన్నవాళ్లంటే హాస్టల్ మిత్రులు, తమ్ముడి ఇంజనీరింగ్ కాలేజీ, వాట్సాప్ గ్రూపులో పెట్టిన గూగుల్ ఫారం నింపినవాళ్లు. అలా దొరికినవాళ్లను 400 మందిని అడిగినా 4,000 మందిని అడిగినా ఆ సూత్రం వాళ్ల తరపున సాక్ష్యం చెప్పదు. ఈ సంగతి గైడుకు తెలుసు, వైవాకు వచ్చే పెద్దలకు తెలుసు. అయినా అంకె 400 కనిపిస్తే తల ఊపి ముందుకు వెళతారు. విద్యార్థిని నేను తప్పుపట్టను. ఎండలో క్వశ్చనేర్ల కట్ట పట్టుకుని మండల కేంద్రాల్లో తిరిగిన పిల్లలు ఉన్నారు. బస్సు ఛార్జీలకు ఫెలోషిప్ డబ్బులు రాక అప్పుచేసినవాళ్లు ఉన్నారు. అంత కష్టాన్ని తీసుకుని నువ్వు దానికి కట్టిన విలువ ఒక అంకె.

మాక్స్‌వెల్ మెకాంబ్స్, డొనాల్డ్ షా 1968 ఎన్నికలప్పుడు ఉత్తర కరోలినాలోని చాపెల్ హిల్‌లో అడిగింది 100 మందినే. ఓటర్ల జాబితాల నుంచి యాదృచ్ఛికంగా పేర్లు తీసి, వాళ్లలో ఇంకా ఎవరికి ఓటేయాలో తేల్చుకోనివాళ్లను మాత్రమే ఎంచుకున్నారు. మాధ్యమం ప్రభావం ఉంటే గింటే అలాంటివాళ్ల మీదే కదా కనబడాలని వాళ్ల తర్కం. ఏ సమస్యలు ముఖ్యమని మీరనుకుంటున్నారు అని వాళ్లను అడిగారు. పక్కనే ఆ ఊరివాళ్లు చదివే పత్రికల్లో, వారపత్రికల్లో, చూసే టీవీ వార్తల్లో ఏ సమస్యకు ఎంత చోటు దక్కిందో లెక్క తీశారు. రెండూ పక్కపక్కన పెట్టారు. మాధ్యమాలు దేనికి ఎక్కువ చోటిస్తే జనం దాన్నే ముఖ్యమనుకుంటారన్న అజెండా సెట్టింగ్ సంప్రదాయం మొత్తం 1972లో అచ్చయిన ఆ చిన్న వ్యాసం నుంచి బయల్దేరింది. నూరుమందితో అంత పని! ఎవరిని అడగాలో, ఎందుకు అడగాలో తెలిసినందువల్ల అయింది.

మా ఊళ్లలో ఆ సిద్ధాంతాన్ని పరీక్షించే అవకాశం నీకు అమెరికాలో కూడా దొరకదు. ఏ దినపత్రిక ఏ పార్టీ వైపు ఉంటుందో, ఏ ఛానెల్ ఎవరిదో తెలుగు పాఠకుడికి తెలుసు. టీ కొట్టు దగ్గర కూర్చుని ఒక పత్రికలో పతాక శీర్షిక చూసి, దాన్ని ఇంకో పత్రికలో ఏ మూల వేశారో వెతికి, రెంటికీ మధ్య అసలు ఏం జరిగి ఉంటుందో ఊహించుకునే మనుషులున్నారు. అజెండా ఎవరిదో ముందే తెలిసిన పాఠకుడి మీద అజెండా ఎలా పనిచేస్తుంది? చాపెల్ హిల్‌లో రాని ప్రశ్న ఇది. మా దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లు ఈ ప్రశ్నతో రోజూ టీ తాగుతున్నారు. సినాప్సిస్ రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం పాత అమెరికా ప్రశ్నకే తెలుగు పత్రికల పేర్లు తగిలిస్తారు, ఎందుకంటే రివ్యూ ఆఫ్ లిటరేచర్‌లో ఉదహరించడానికి ఆ ప్రశ్నకే వ్యాసాలు దొరుకుతాయి.

నువ్వు మా దేశానికి వచ్చినప్పుడు ఎంత బాగా వచ్చావో కూడా చెప్పాలి. 1956లో అప్పటి బొంబాయి రాష్ట్రంలో, యునెస్కో సాయంతో, ఆలిండియా రేడియో పూనా కేంద్రం నుంచి పల్లెల కోసం ప్రత్యేకంగా కార్యక్రమాలు వేశారు. 150 ఊళ్లలో జనం గుంపుగా కూర్చుని విని, చర్చించి, తమ ప్రశ్నల్ని రేడియోకు రాసి పంపేవాళ్లు. ఫలితాల్ని అంచనా కట్టినవాడు పాల్ నొయిరాత్. నాజీల నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడి అమెరికా చేరిన సామాజిక శాస్త్రవేత్త. ఆ ఊళ్లను, రేడియో ఉన్నా చర్చా బృందం లేని ఊళ్లతో, అసలు రేడియోయే లేని ఊళ్లతో పోల్చి చూశాడు. చర్చించిన ఊళ్లు మిగతావాటికంటే ఎంతో ఎక్కువ నేర్చుకున్నాయని తేలింది. వినడం ఒక్కటే చాలదు, విన్నదాని మీద నలుగురూ మాట్లాడుకోవాలి. ఎరీ కౌంటీలో తేలినదానికి మన పల్లెల్లో దొరికిన జవాబు అది.

1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఉపగ్రహం ద్వారా సుమారు 2,400 పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగం ఇంకా గొప్పది. ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమాలు తెలుగులోనూ వచ్చాయి. ఆ టీవీ పల్లెల్ని ఏం చేసిందో తెలుసుకోవడానికి ఇస్రో సర్వేలు చేయించింది. వాటితోపాటు మానవశాస్త్రం చదివినవాళ్లను కొన్ని పల్లెల్లో నెలల తరబడి కాపురం పెట్టించింది. రాకెట్లు పంపే సంస్థ మనిషిని అర్థం చేసుకోవడానికి పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకున్న కాలం అది! అర్ధశతాబ్దం తర్వాత, పల్లెల్లో పుట్టి చదువుకోవడానికి వచ్చిన పిల్లల చేతనే, ఊరి మొహం చూడకుండా గూగుల్ ఫారంతో డేటా తెప్పిస్తున్నావు.

అన్నిటికంటే ఎక్కువగా నీ చూపును పొగుడుతాను. నీ చూపుతో చూస్తే నెల్లూరు జిల్లా దూబగుంట ఎంత అద్భుతంగా కనిపిస్తుందో! 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా కూలి పనుల నుంచి వచ్చిన ఆడవాళ్లు రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్నారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ ఉంది. సారాతో చితికిపోయిన సంసారం, సారా కొట్టు మూయించడానికి కదిలిన ఆడవాళ్ల కథ. ఆ వాచకం అచ్చువేసింది ప్రభుత్వం. వారుణి వాహిని పేరుతో ఊరూరికీ సారా పంపింది కూడా ప్రభుత్వమే. ఎవరు, ఏమి, ఏ మార్గంలో, ఎవరికి, ఏ ఫలితంతో చెప్పారన్న లాస్‌వెల్ అయిదు ప్రశ్నలు ఇక్కడ మొదటి ప్రశ్న దగ్గరే తడబడతాయి. చెప్పేవాడు ఒక్కడే, సారా అమ్మే నోరు ఒకటి, సారా మానమనే నోరు ఒకటి.

చదవడం నేర్చుకోమని ఇచ్చిన పాఠాన్ని ఆ ఆడవాళ్లు చేయవలసిన పనిగా చదివారు. స్టూవర్ట్ హాల్ 1973లో బర్మింగ్‌హామ్‌లో కూర్చుని, పంపినవాడు పెట్టిన అర్థాన్నే అందుకున్నవాడు తీసుకోవాలని లేదని, బేరమాడి తీసుకోవచ్చునని, ఎదురుతిరిగి ఇంకో అర్థం తీసుకోవచ్చునని రాశాడు. దూబగుంటలో అంతకంటే చిత్రం జరిగింది. వాళ్లు పాఠానికి ఎదురుతిరగలేదు. ప్రభుత్వం రాసిన మాటను ప్రభుత్వం అనుకున్నదానికంటే నిజంగా తీసుకున్నారు. ఊళ్లోకి సారా రానివ్వబోమని అడ్డుపడ్డారు. ఆ విజయం కూడా కథగా మారి ఇంకో పాఠమై వాచకంలోకి ఎక్కి, పక్క ఊళ్ల రాత్రి బడులకు వెళ్లింది. వలంటీర్లు, పాటలు, సంతలు, దినపత్రికల జిల్లా పేజీలు దాన్ని మోశాయి. సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది.

హాల్ నమూనాలో ఈ రకం చదువుకు గది లేదు. పాఠాన్ని పూర్తిగా ఒప్పుకుని, ఒప్పుకోవడం ద్వారానే పాఠం రాసినవాణ్ని ఇరుకున పెట్టిన చదువు ఇది. కొత్త సిద్ధాంతం రాయడానికి ఇంతకంటే ఏం కావాలి? స్త్రీవాదులు దీని మీద రాశారు, చరిత్రకారులు రాశారు, రాజకీయ శాస్త్రంవాళ్లు రాశారు. మాటలు మనుషుల్ని ఎలా కదిలిస్తాయన్నదే నీ పని. నేను చూసిన ఎమ్మే పాఠ్యప్రణాళికల్లో డెకటూర్ ఉంది, ఎరీ కౌంటీ ఉంది, చాపెల్ హిల్ ఉంది. దూబగుంట లేదు. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన పిల్లకు, వాళ్ల అమ్మమ్మ రాత్రి బడిలో కూర్చుని ఉండగల పిల్లకు, చూసే శక్తి నువ్వే ఇచ్చి, చూడవలసిన దిక్కు మాత్రం చూపించలేదు.

ఇక్కడ చేయడం కుదరదని అనుకోవడానికి లేదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో, మాచనూరులో దళిత మహిళలు నడిపే సంగం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. విత్తనాలు, వంటలు, పాటలు, పండుగలు, ఊరి ముచ్చట్లు తమ యాసలో తామే రికార్డు చేసి ప్రసారం చేస్తారు. అలాంటి రేడియోల కోసం జరిగిన పోరాటాన్నీ వాటి పనినీ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో వినోద్ పావురాల, కాంచన్ మాలిక్ ఏళ్ల తరబడి వెంబడించి 2007లో పుస్తకం రాశారు. కమ్యూనిటీ మీడియా మీద యునెస్కో పీఠం 2011లో ఆ విశ్వవిద్యాలయానికే వచ్చింది. నిన్ను ఈ నేల మీద నిలబెట్టి చూపిన పని అది. ఒక్క చోట సాధ్యమైనది మిగతా చోట్ల కాలేదంటే, కొరత మట్టిలో లేదు.

నీ నిక్కచ్చితనాన్ని కూడా ఒక మాట పొగడాలి. థీసిస్ ఇవ్వబోయే ముందు ప్లేజరిజం రిపోర్టు తెమ్మంటావు. 2018 నాటి యూజీసీ నిబంధన ప్రకారం పోలిక పది శాతం లోపు ఉండాలి. మంచి నిబంధన. దాన్ని దాటడానికి పిల్లలు మాటలు తిరగేసి రాస్తారు. అరువు తెచ్చుకున్న ప్రశ్నను కొలిచే యంత్రం ఏదీ లేదు గనుక, థీసిస్‌లో వాక్యాలన్నీ సొంతం, ఆలోచన మొత్తం పరాయిది అయినా రిపోర్టు శుభ్రంగా వస్తుంది.

ఇక భాష సంగతి. ఊళ్లో అడిగేది తెలుగులో, జవాబు వచ్చేది తెలుగులో, చాలాచోట్ల రాసేది ఇంగ్లిషులో. ఒక భాషలో అడిగి ఇంకో భాషలోకి మార్చినప్పుడు, మళ్లీ వెనక్కి మార్చి అర్థం చెడిపోలేదని సరిచూసుకోవాలని నీ పద్ధతులే చెబుతాయి. ఆ జాగ్రత్త కూడా పొగడదగ్గదే. ఒక్క ప్రశ్నాపత్రాన్నైనా అలా సరిచూసిన థీసిస్ నాకు చాలా అరుదుగా ఎదురైంది. ఊరి మనిషి చెప్పిన మాట అతని నోటి తీరుతో థీసిస్‌లో ఎక్కడా అచ్చుపడదు. శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో లక్షల థీసిసులు ఎవరైనా చదువుకునేలా పెట్టారు. అది దేశం చేసిన మంచి పని. జవాబులు చెప్పిన మనుషుల్లో వాటిని చదవగలిగేవాళ్లు ఎందరు? మనుషుల మధ్య మాట ఎలా నడుస్తుందో చదివే శాస్త్రానికి ఈ ప్రశ్న ఎవరూ వేయకుండానే తట్టాలి.

చివరికి నా కోరిక ఒకటే ఉంది. అది చిన్నదే, ఖర్చు కూడా లేదు. ప్రతి క్వశ్చనేర్ చివరా ‘ఇంకేమైనా చెప్పదలచుకున్నారా’ అని ఒక ఖాళీ ఉంటుంది. జనం అందులో రాస్తారు, రాయడం రానివాళ్లు చెప్పి రాయిస్తారు. టీవీ కొన్నాక అత్తా కోడళ్ల గొడవ తగ్గిందని, పత్రికలో తమ ఊరి పేరు తప్పుగా పడిందని, ఇలాంటి ప్రశ్నలు ఇంతకుముందు కూడా ఎవరో అడిగి వెళ్లారని. లెక్కలు కట్టే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేటప్పుడు ఈ ఖాళీకి నంబరు లేదు గనుక దాన్ని వదిలేస్తారు. డిగ్రీ వచ్చాక నింపిన కట్టలన్నీ ఇంటి అటక మీదో, హాస్టల్ గదిలోనో పడి ఉండి, ఒకరోజు పాత పేపర్లవాడికి తూకానికి పోతాయి. తెలుగువాళ్లు నీతో నేరుగా మాట్లాడిన మాటలు అవే. వైవా రోజున బైండింగ్ చేసిన అయిదు కాపీలతో పాటు ఆ కట్టలను కూడా అడిగి తీసుకో. పేర్లూ ఫోను నంబర్లూ చెరిపేసి విభాగంలో భద్రంగా పెట్టు. వచ్చే ఏడాది పద్ధతుల పాఠం చెప్పేటప్పుడు యమానే సూత్రం కంటే ముందు వాటిని బల్ల మీద పెట్టి, పిల్లల చేత చివరి పేజీల నుంచి చదివించు.